పాత కారు గేర్‌బాక్సు నుంచి హఠాత్తుగా ఆయిల్ కారుతోంది: గేర్‌బాక్సు దించే ముందు ఏమేం చూడాలి?

ప్రశ్న: నీలం హ్యాచ్‌బ్యాక్

అందరికీ నమస్కారం. నా దగ్గర పదిహేడేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు ఉంది. ముందు చక్రాలకు శక్తి అందే రకం, ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు, ఇప్పటికి 1,78,000 కిలోమీటర్లు తిరిగింది. ఇన్నేళ్లలో గేర్‌బాక్సు నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. అందులో ఆయిల్ రెండుసార్లు మార్పించాను, రెండోసారి మార్పించి దాదాపు రెండేళ్లయింది. ఇంజిన్ పైభాగంలో ఎప్పటినుంచో కొద్దిగా నూనె చెమర్చడం తప్ప, నేల మీద చుక్క పడటం నేను చూడలేదు.

పోయిన వారం సుమారు 220 కిలోమీటర్లు ఏకబిగిన నడిపి ఇంటికి వచ్చాను. మరునాడు ఉదయం కారును వెనక్కి తీసినప్పుడు, ముందు ఎడమ చక్రం నిలిచిన చోటుకు కాస్త లోపలగా అరచేయంత నూనె మరక కనిపించింది. వేలితో తాకి చూస్తే ఇంజిన్ ఆయిల్ కన్నా చిక్కగా, ముదురు తేనె రంగులో ఉంది, అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటుకు దగ్గరైన వాసన వచ్చింది. తర్వాత మూడు రోజులు రోజుకు ఐదారు కిలోమీటర్లకు మించి తిరగలేదు, ఆ రోజుల్లో రెండు మూడు చుక్కలే పడ్డాయి. నాలుగో రోజు మళ్ళీ 90 కిలోమీటర్లు వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ అంత పెద్ద మరకే పడింది.

ఒక వర్క్‌షాపులో చూపించాను. కారును పైకెత్తి, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగున తడి చూపించి, లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సులోకి తెచ్చే ఇరుసు చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు వలయం) పోయిందని, గేర్‌బాక్సు మొత్తం దించాల్సిందేనని, దించాక క్లచ్ కూడా మార్చుకుంటే మంచిదని చెప్పారు. వారు చెప్పినది నిజమే కావచ్చు. అయితే అక్కడ గేర్‌బాక్సు కింది భాగమంతా నూనెతో తడిసి ఉంది, ఎవరూ దాన్ని తుడిచి చూడలేదు. గేర్లు ఎప్పటిలాగే మెత్తగా పడుతున్నాయి, కొత్త శబ్దం ఏదీ లేదు, క్లచ్ జారడం లేదు.

నాకు తెలియవలసినవి ఇవి. ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో గేర్‌బాక్సు దించకుండానే నిర్ధారించుకునే పద్ధతి ఉందా? ఇన్నేళ్లు పొడిగా ఉన్నది ఒక్కసారిగా ఇలా కారడానికి కారణం ఏమై ఉంటుంది? అంతవరకు కారు నడపవచ్చా? ఈ కారును ఇంకా చాలా ఏళ్లు ఉంచుకోవాలన్నది నా కోరిక, కాబట్టి తొందరపడి తప్పు పని చేయించుకోవడం ఇష్టం లేదు.


జవాబు: గ్యారేజీ దీపం

నమస్కారమండీ. మీరు చివర అడిగిన దానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆలస్యమైతే గేర్‌బాక్సుకే ప్రమాదం. లోపల ఆయిల్ ఎంత మిగిలిందో చూసుకునే వరకు కారు నడపకండి. చిన్న కార్ల మాన్యువల్ గేర్‌బాక్సులో మొత్తం ఆయిల్ సాధారణంగా రెండు లీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నిలిపిన కారు నుంచి నిమిషానికి ఒక్క చుక్క పడుతోందనుకుందాం. ఇరవై చుక్కలు దాదాపు ఒక మిల్లీలీటరు, అంటే గంటకు మూడు, రోజుకు డెబ్బై మిల్లీలీటర్లకు పైగా పోతుంది. అదే లెక్కన రెండు వారాల్లో ఒక లీటరు ఖాళీ. అదీగాక ఇంజిన్ ఆయిల్ తగ్గితే వెలిగినట్లు గేర్‌బాక్సు ఆయిల్ తగ్గినప్పుడు వెలిగే హెచ్చరిక దీపం ఇలాంటి కార్లలో ఉండదు. చాలా గేర్‌బాక్సుల్లో ఐదో గేరు ఒక కొసన విడిగా ఉంటుంది, ఆయిల్ తగ్గితే మొదట ఎండేది తరచూ అదే. ఐదో గేరులో సన్నని కూత వినబడేనాటికి బేరింగ్‌కు దెబ్బ తగిలే ఉంటుంది.

ఆయిల్ మట్టం చూడాలంటే కారు సమతలంగా ఉండాలి. ముందు భాగాన్ని మాత్రమే జాకీతో ఎత్తి చూస్తే మట్టం తప్పుగా తెలుస్తుంది. నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండేలా నాలుగు స్టాండ్ల మీద కారును నిలపాలి, లేదా గుంత ఉన్న చోట నిలపాలి. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకండి. చాలా కార్లలో గేర్‌బాక్సు పక్కన ఫిల్లర్ ప్లగ్ ఉంటుంది, దాన్ని విప్పితే ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. చిటికెన వేలు వంచి లోపలికి పెట్టినా ఆయిల్ తగలకపోతే బాగా తగ్గిపోయినట్లే. కొన్ని కార్లలో మట్టం చూడటానికి వేరే పద్ధతి ఉంటుంది కనుక మీ కారు పుస్తకం ఒకసారి చదవండి. ఇంకొక మాట. ఎప్పుడు ఆయిల్ తీసినా ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పగలమని తేల్చుకున్నాకే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పాలి. ఏళ్ల తరబడి కదలని ఫిల్లర్ ప్లగ్ పట్టేసి ఉంటే, ఉన్న ఆయిల్ పోయి కొత్తది పోసే దారి లేక కారు అక్కడే నిలిచిపోతుంది.

ఇక కారుతున్నది ఏ ద్రవం అన్నది. మీరు చెప్పిన చిక్కదనం, తేనె రంగు, గంధకం వాసన గేర్ ఆయిల్ లక్షణాలే. పళ్ల మీద పడే భారీ ఒత్తిడిని తట్టుకోవడానికి అందులో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన పదార్థాలు వేస్తారు, వాసన వాటిదే. అయినా వాసన ఒక్కదాన్నే నమ్మవద్దు. 1980లు, 1990ల నాటి కొన్ని హోండా మాన్యువల్ గేర్‌బాక్సులకు కంపెనీయే ఇంజిన్ ఆయిల్‌ను సూచించేది. 1959లో వచ్చిన తొలి మినీలోనైతే గేర్‌బాక్సు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోనే ఉండి, రెండింటికీ ఒకే ఆయిల్ సరిపోయేది. అలాంటి కార్ల యజమానులకు ఈ వాసన పరీక్ష పనికిరాదు. క్లచ్ హైడ్రాలిక్ రకమైతే దానిలోని బ్రేక్ ఫ్లూయిడ్ కూడా బెల్ హౌసింగ్ నుంచే కారవచ్చు. ఒక చుక్కను గ్లాసు నీళ్లలో వేయండి. బ్రేక్ ఫ్లూయిడ్ అయితే నీళ్లలో కలిసిపోతుంది, ఆయిల్ అయితే పైన తేలుతుంది.

తెలిసిన తర్వాత చేయవలసిన అసలు పని కడగడం. ఆయిల్ కనిపించిన చోటు వేరు, అది బయటికి వచ్చిన చోటు వేరు. కారు కదులుతున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, ఆగినప్పుడు అది కిందికి జారుతుంది, చివరికి ఎక్కడ అంచు ఉంటే అక్కడ చుక్కగా వేలాడుతుంది. అందుకే తడి ఉన్న ప్రదేశంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న బిందువునే వెతకాలి. డిగ్రీజర్‌తో గేర్‌బాక్సు, బెల్ హౌసింగ్, ఇంజిన్ వెనుక భాగం మూడింటినీ శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, అనుమానం ఉన్న కీళ్ల మీద పలుచగా టాల్కం పౌడరు చల్లండి. ఆయిల్ నింపి పది కిలోమీటర్లు నడిపి వచ్చి చూస్తే తెల్లని పొడి మీద ముదురు చార స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటికీ తేలకపోతే గేర్ ఆయిల్‌లో కలిపే అతినీలలోహిత రంగు దొరుకుతుంది, ఆ దీపం వేసి చూస్తే ఆయిల్ నడిచిన దారి పసుపుపచ్చగా మెరుస్తుంది. ఈ పని చేయకుండా గేర్‌బాక్సు దించడానికి ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం.


జవాబు: స్పానర్ పదమూడు

పైన చెప్పినదంతా సరైనదే. నాది ఒకటే ప్రశ్న. గత రెండు నెలల్లో ఈ కారు కింద ఎవరైనా ఏ పనైనా చేశారా? గేర్‌బాక్సుకు సంబంధించిన పనే కానక్కరలేదు. సస్పెన్షన్, బ్రేకు, సైలెన్సర్, వాషింగ్, ఏదైనా సరే గుర్తు తెచ్చుకుని రాయండి. ఇన్నేళ్లు పొడిగా ఉన్నది ఒక్క రాత్రిలో కారిందంటే, నా అనుభవంలో పదింట ఆరేడుసార్లు దాని వెనుక ఎవరో చేసిన పని ఉంటుంది. గేర్‌బాక్సు నుంచి చక్రానికి శక్తి అందించే డ్రైవ్ షాఫ్ట్ బయటికి లాగి మళ్ళీ పెట్టేటప్పుడు దాని కొసనున్న పళ్లు (స్ప్లైన్లు) సీల్ పెదవిని, అంటే షాఫ్ట్‌ను ఆనుకునే రబ్బరు అంచును, గీరడం, డ్రెయిన్ ప్లగ్‌కు పాత వాషరే మళ్ళీ వేయడం, అల్యూమినియం కేసింగ్‌లో ప్లగ్‌ను బలం కొద్దీ బిగించి మరలు తెంపడం, జాకీని గేర్‌బాక్సు కిందే పెట్టి పగులు తెప్పించడం, ఇవన్నీ నేను కళ్లారా చూసినవి. రోడ్డు మీద రాయి తగిలిన గుర్తు ఉందేమో కూడా చూడండి.


జవాబు: గేర్ల మేస్త్రి

నేను ముప్ఫై ఏళ్లుగా గేర్‌బాక్సులు విప్పి బిగించే పనిలో ఉన్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

బెల్ హౌసింగ్ అడుగున తడి కనిపించగానే ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, నేను కూడా ఈ పనిలో చేరిన కొత్తలో చేశాను. ఆ గదిలోకి రెండు వైపుల నుంచి నూనె రావచ్చు. ఒకటి గేర్‌బాక్సు వైపు ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్, రెండోది ఇంజిన్ వైపు క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీల్. ఇవి రెండూ కాక, బయటి నుంచి జారి అక్కడికి చేరే నూనె మూడోది, దీన్నే చాలామంది మరచిపోతారు. ఇంజిన్ పైమూత అయిన రాకర్ కవర్ గ్యాస్కెట్ వెనుక మూల నుంచి కారిన ఆయిల్ నేరుగా బెల్ హౌసింగ్ మీద పడి, దాని అంచు వెంట కిందికి దిగి, అచ్చం లోపలి నుంచి వచ్చినట్లే వేలాడుతుంది. మీరు ఇంజిన్ పైభాగం చెమరుస్తోందని మొదటే రాశారు. ఆ మాట నన్ను ఆపింది.

తేడా తెలుసుకునే విధానం చెబుతాను. బెల్ హౌసింగ్ అడుగున చాలా కార్లలో ఒక చిన్న రంధ్రమో, రేకు మూత ఉన్న సందో ఉంటుంది. బయటంతా తుడిచిన తర్వాత ఒక సన్నని కడ్డీకి తెల్లని గుడ్డ చుట్టి ఆ రంధ్రంలోకి పంపి తిప్పండి. క్లచ్ పొడితో కలిసిన పొడి మసి వస్తే లోపల లీకు లేదు. తేనె రంగు తడి వస్తే గేర్‌బాక్సు సీల్, నల్లని పలుచని తడి వస్తే ఇంజిన్ సీల్. ఇన్‌పుట్ సీల్ నిజంగా అరచేయంత మరక వేసేంతగా కారుతుంటే ఆ నూనె తిరిగే ఫ్లైవీల్ మీద చిమ్మి, త్వరలోనే క్లచ్ ప్లేటును చేరుతుంది. అప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ వేగం పెరిగినా కారు వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది, లేదా క్లచ్ వదిలేటప్పుడు కారు వణుకుతుంది. మీ క్లచ్ ఏ తేడా లేకుండా పని చేస్తోందంటే ఇన్‌పుట్ సీల్ మీద నా అనుమానం సగానికి తగ్గింది.

మీ మరక ఎడమ చక్రానికి కాస్త లోపలగా ఉందన్నారు కనుక నేనైతే మొదట చూసేది ఎడమ డ్రైవ్ షాఫ్ట్ గేర్‌బాక్సులోకి వెళ్లే చోట ఉన్న సీల్. గేర్‌బాక్సు సీళ్లలో ఎక్కువగా పోయేవి ఈ రెండు పక్కల సీళ్లే. ఇక్కడ ఒక తేడా గమనించాలి. షాఫ్ట్ చివర ఉండే రబ్బరు బూట్ చిరిగితే కూడా తడిలా కనిపిస్తుంది, కానీ అది నల్లని చిక్కని గ్రీజు, చుట్టూ చిమ్మినట్లు ఉంటుంది, చుక్కగా కారదు. ఆ తర్వాత గేరు మార్చే రాడ్డు లోపలికి వెళ్లే చోటి సీల్, రివర్స్ లైటు స్విచ్, పాత కార్లలో స్పీడోమీటర్ కేబుల్ గేరు దగ్గరి ఓ రింగ్ చూడండి. రివర్స్ స్విచ్‌ను పట్టించుకునేవారు తక్కువ. దాని ప్లాస్టిక్ మధ్య నుంచి ఆయిల్ ఊరి కనెక్టర్‌లోకి, అక్కడి నుంచి వైరు వెంట పాకడం నేను చాలాసార్లు చూశాను. కనెక్టర్ ఊడదీసి చూస్తే లోపల ఆయిల్ నిలిచి ఉంటుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించినది. దూరం వెళ్లినప్పుడు పెద్ద మరక, దగ్గర తిరిగినప్పుడు రెండు చుక్కలు. సీల్ వట్టిగా అరిగిపోతే తేడా ఇంత ఎక్కువ ఉండదు. ఈ లక్షణం చూస్తే బ్రీతర్ మూసుకుపోయిందేమోనని నా అనుమానం. గేర్‌బాక్సు పైన టోపీ పెట్టిన చిన్న గొట్టమో, సన్నని రబ్బరు పైపో ఉంటుంది, లోపలి గాలి వేడికి పెరిగినప్పుడు బయటికి పోవడానికి అదే దారి. అది మూసుకుపోయాక గేర్‌బాక్సు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. ఈ సీళ్లు ఆయిల్‌ను ఆపడానికి చేసినవే గాని ఒత్తిడిని ఆపడానికి చేసినవి కావు. పదిహేడేళ్ల సీల్ అయితే ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ ఆయిల్‌ను వదిలేస్తుంది. చల్లారినప్పుడు దీనికి ఎదురుగా లోపల గాలి ముడుచుకుని, సీళ్ల గుండా తేమను లోపలికి పీలుస్తుంది. కాబట్టి మీ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారిందేమో తప్పక చూడండి.

బ్రీతర్ సంగతి చూడకుండా కొత్త సీల్ వేస్తే కొన్నాళ్లకు అదీ కారుతుంది, లేదా అవతలి వైపు సీల్ మొదలవుతుంది. సీల్ మార్చినా ఆగలేదంటూ నా దగ్గరికి వచ్చిన బళ్లలో కొన్నిటికి చివరికి తేలిన కారణం మట్టితో బిగుసుకుపోయిన ఆ చిన్న టోపీయే.


జవాబు: వెనుక చక్రాలు

నాది వెనుక చక్రాలకు శక్తి అందే పాత కారు కనుక ఈ ప్రశ్నకు నేరుగా సంబంధం లేకపోయినా, ఇది చదివే అలాంటి యజమానుల కోసం ఒక మాట చేరుస్తున్నాను. మా కార్లలో గేర్‌బాక్సు వెనుక కొసన ప్రొపెల్లర్ షాఫ్ట్ దూరే చోట ఒక సీల్ ఉంటుంది. కారును ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలులో నిలిపితే ఆయిల్ వెనక్కి చేరి ఆ సీల్ మీద నిలుస్తుంది, సమతలంలో నిలిపితే అక్కడ ఆయిల్ అంత ఎత్తున ఉండదు. నాకు నెల రోజులు లీకు ఒకరోజు ఉండి ఒకరోజు లేకుండా పోయినట్లు అనిపించింది, చివరికి తేలిందేమిటంటే అది నేను కారు నిలిపే చోటును బట్టి మారుతోంది. కాబట్టి మరకతో పాటు కారు ఎలా నిలిచి ఉందో కూడా రాసుకోండి.


ప్రశ్న అడిగినవారు: నీలం హ్యాచ్‌బ్యాక్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. స్పానర్ పదమూడు గారి ప్రశ్న చదివి గుర్తు తెచ్చుకున్నాను. మొదటి మరక పడటానికి మూడు వారాల ముందు, తుప్పు పట్టకుండా కారు అడుగుభాగానికి నల్లని కోటింగ్ స్ప్రే చేయించాను. దానికీ గేర్‌బాక్సుకూ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు, అందుకే ముందు రాయలేదు.

మొదట ఆయిల్ మట్టం చూశాను. ఫిల్లర్ ప్లగ్ విప్పితే చుక్క కూడా బయటికి రాలేదు, వేలు వంచి పెట్టినా తడి తగలలేదు. కొలపాత్రతో పోస్తే అంచు దాకా రావడానికి సరిగ్గా 450 మిల్లీలీటర్లు పట్టింది. కారు నడపడం ఆపమని మీరు చెప్పకపోయి ఉంటే ఈ వారం మరో దూర ప్రయాణం చేసి ఉండేవాణ్ణి. లోపలి ఆయిల్ రంగు మాత్రం బాగానే ఉంది, పాల రంగు లేదు.

తర్వాత ఒక పూటంతా కడగడానికే సరిపోయింది. బ్యాటరీ, దాని కింది పళ్లెం తీశాక గేర్‌బాక్సు పైభాగం కనిపించింది. బ్రీతర్ ఎక్కడుందో మొదట నాకు తెలియలేదు. టార్చి వేసి వెతికితే, నల్లని కోటింగ్ కింద మినపగింజంత ఎత్తుగా ఉబ్బిన ఒక బుడిపె కనిపించింది. చక్రం వైపు నుంచి స్ప్రే చేసినప్పుడు ఆ తుంపర పైదాకా వచ్చి, టోపీ అంచు చుట్టూ పేరుకుని, రబ్బరులా బిగుసుకుపోయింది. మామూలుగా ఆ టోపీ వేళ్లతో తిప్పితే గిరగిర తిరగాలట, నాది అంగుళం కూడా కదలలేదు. అప్పటికప్పుడు దాన్ని తొలగించకుండా, పరీక్ష కోసం ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చాను. ఇంజిన్ ఆపి, చేతికి తొడుగు వేసుకుని, సన్నని కత్తితో ఆ పొరను కోయగానే లోపలి నుంచి గాలి బుస్సుమని రెండు క్షణాలు వచ్చింది. ఆ శబ్దం విన్నాక నాకు ఇక అనుమానం మిగలలేదు.

కింద చూస్తే ఎడమ డ్రైవ్ షాఫ్ట్ చుట్టూ చల్లిన పౌడరు సగం వృత్తం మేర తడిసి ఉంది, షాఫ్ట్ కింద కేసింగ్ అంచున ఒక చుక్క వేలాడుతోంది. కుడి వైపు పూర్తిగా పొడి. బెల్ హౌసింగ్ రంధ్రంలోకి పంపిన తెల్లగుడ్డకు మసి తప్ప తడి అంటలేదు. బెల్ హౌసింగ్ బయటి అంచున మాత్రం సన్నని నల్లని చార కనిపించింది, దాన్ని పైకి వెతుక్కుంటూ పోతే మేస్త్రి గారు చెప్పినట్లు రాకర్ కవర్ వెనుక మూలకే చేరింది.

టోపీని శుభ్రం చేసి స్వేచ్ఛగా తిరిగేలా చేశాక రెండుసార్లు 60 కిలోమీటర్ల చొప్పున నడిపాను. లీకు బాగా తగ్గింది కాని పూర్తిగా ఆగలేదు, ఒక్కోసారి నాలుగైదు చుక్కలు పడుతున్నాయి. ఇప్పుడు సీల్ కూడా మార్చాలా, లేక ఒత్తిడి పోయింది కనుక కొన్నాళ్లకు అదే సర్దుకుంటుందా?


జవాబు: గేర్ల మేస్త్రి

చాలా శ్రద్ధగా చూశారు. ముఖ్యంగా కోటింగ్‌ను వెంటనే కోయకుండా నడిపి చూసిన పద్ధతి నాకు నచ్చింది.

సీల్ సర్దుకోదండీ, మార్చండి. ఒత్తిడికి ఒకసారి ఒరిగిన పెదవి, అందులోనూ ఇన్నేళ్ల వేడికి గట్టిపడిన రబ్బరు, తిరిగి షాఫ్ట్‌ను మునుపటిలా పట్టుకోదు. లీకు ఆపుతాయని చెప్పి గేర్‌బాక్సులో పోసే ద్రవాల జోలికి కూడా వెళ్లవద్దు. అవి రబ్బరును ఉబ్బించి కొంతకాలం మాయ చేస్తాయి, కాని బాగున్న సీళ్లను కూడా మెత్తబరుస్తాయి.

ఈ పనికి గేర్‌బాక్సు దించనక్కరలేదు, ఎడమ డ్రైవ్ షాఫ్ట్ బయటికి తీస్తే చాలు. ముందు ఆయిల్ పూర్తిగా తీసేయండి, లేకపోతే షాఫ్ట్ లాగగానే అంతా నేల పాలవుతుంది. తీసిన ఆయిల్‌ను కాలువలో పారబోయకుండా డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. రెండు షాఫ్టులూ ఒకేసారి లాగవద్దు. కొన్ని గేర్‌బాక్సుల్లో అలా చేస్తే రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు చోటు తప్పుతాయి, వాటిని తిరిగి నిలపడం పెద్ద పని అవుతుంది.

షాఫ్ట్ బయటికి వచ్చాక తొందరపడి కొత్త సీల్ వేయకండి, అక్కడ రెండు సంగతులు చూడాలి. సీల్ పెదవి రాసుకునే మెరిసే భాగం మీద గోటిని అడ్డంగా లాగండి. వెలుగు పడినప్పుడు సన్నని గీత కనిపించడం మామూలే. గోరు ఆ గీతలో చిక్కుకుని ఆగితే మాత్రం అది గాడి పడినట్లు, అక్కడ ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. అప్పుడు సీల్‌ను గాడి పడని భాగం మీద కూర్చునేలా కాస్త ముందుకో వెనక్కో బిగించవచ్చు, లేదా ఆ భాగం మీద తొడిగే పలుచని స్టీలు స్లీవ్ వేయవచ్చు, లేదా షాఫ్ట్ కొసన ఉన్న ఆ జాయింటే మార్చాలి. రెండోది, తీయడానికి ముందే ఎడమ షాఫ్ట్‌ను గేర్‌బాక్సు దగ్గర పట్టుకుని పైకీ కిందికీ ఊపి, కుడి షాఫ్ట్‌తో పోల్చండి. కొద్దిపాటి ఆట (వదులు) రెండు వైపులా ఉంటుంది. ఎడమ వైపు స్పష్టంగా ఎక్కువ ఉంటే డిఫరెన్షియల్ బేరింగ్ అరిగిందని అర్థం. షాఫ్ట్ ఊగుతుంటే పెదవి దాన్ని వెంబడించలేదు. అలాంటప్పుడు మాత్రం గేర్‌బాక్సు దించడం తప్పదు.

పాత సీల్‌ను ఊడబెరికే ముందు అది కేసింగ్ అంచు నుంచి ఎంత లోపల కూర్చుందో కొలిచి రాసుకోండి. ఎడమ, కుడి సీళ్లు చూడటానికి ఒకేలా ఉన్నా చాలా కార్లలో వేరు. పెదవి వెనుక సన్నని ఏటవాలు గీతలు ఆయిల్‌ను లోపలికి నెట్టేలా తిరిగే దిశను బట్టి చేసి ఉంటాయి, కొన్నిటి మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. తప్పు వైపుది వేస్తే కొత్త సీలే ఆయిల్‌ను బయటికి నెడుతుంది. పెదవికి గేర్ ఆయిల్ రాసి, సీల్ బయటి వ్యాసానికి సరిపోయే గొట్టం ఆనించి, చుట్టూ సమానంగా తట్టుకుంటూ దింపండి. సుత్తితో నేరుగా ఒక మూల కొడితే లోపలి స్ప్రింగు ఎగిరిపోతుంది, బయటికి మాత్రం ఏమీ కనిపించదు. షాఫ్ట్ పెట్టేటప్పుడు దాని బరువు పెదవి మీద వేలాడకుండా ఇంకొకరు చక్రం వైపు పట్టుకోవాలి. చివర షాఫ్ట్‌ను లోపల పట్టి ఉంచే సర్క్లిప్ కొత్తది వేసి, టక్కుమని కూర్చుందని తేల్చుకోండి.

ఆయిల్ విషయంలో పుస్తకం చెప్పిన గ్రేడే పోయండి. జీఎల్ 4 అని (గేర్ ఆయిల్ రకాన్ని తెలిపే గుర్తు) రాసి ఉంటే జీఎల్ 5 ఇంకా మంచిదేమోనని మార్చవద్దు. జీఎల్ 5లోని గంధకం మోతాదు కొన్నిటిలో గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులకు పడదు, గేర్లు పడటంలో తేడా వస్తుంది. డ్రెయిన్ ప్లగ్ వాషర్ కొత్తది వేయండి.


ప్రశ్న అడిగినవారు: నీలం హ్యాచ్‌బ్యాక్

పని పూర్తయింది కనుక ఫలితం రాస్తున్నాను. మొదట చూపించిన వర్క్‌షాపుకే వెళ్లి, పౌడరు మీద పడిన చార ఫోటోలు, తెల్లగుడ్డ చూపించి, ఎడమ సీల్ మాత్రమే మార్చమని అడిగాను. వారు అభ్యంతరం లేకుండా ఒప్పుకుని, దగ్గరుండి చూడనిచ్చారు.

రెండు షాఫ్టుల ఆట పోల్చితే తేడా కనిపించలేదు. ఎడమ షాఫ్ట్ బయటికి వచ్చాక మెరిసే భాగం మీద నేనే గోరు లాగి చూశాను. సన్నని గీత ఉంది కాని గోరు ఆగలేదు. పాత సీల్‌ను చేతిలోకి తీసుకుని కొత్తదాని పక్కన పెట్టి చూస్తే తేడా అప్పుడు అర్థమైంది. కొత్తదాని పెదవి వేలితో నొక్కితే వంగి వెంటనే తిరిగి వస్తోంది. పాతది గోరంత గట్టిగా ఉంది, పౌడరు తడిసిన కింది సగంలో పెదవి బయటి వైపుకు మడత పడి అలాగే నిలిచిపోయింది. పుస్తకంలో చెప్పిన ప్రకారం జీఎల్ 4 రకం, 75డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పోశారు. బ్రీతర్ టోపీ చుట్టూ మిగిలిన కోటింగ్ ముక్కలను కూడా గీకి తీసేశాం.

ఆ తర్వాత 640 కిలోమీటర్లు తిరిగాను, అందులో ఒకటి ఏకబిగిన 210 కిలోమీటర్ల ప్రయాణం. ప్రతి రాత్రీ కారు కింద అట్ట పరుస్తున్నాను, గేర్‌బాక్సు వైపు ఒక్క చుక్క పడలేదు. నిన్న ఫిల్లర్ ప్లగ్ విప్పి చూస్తే ఆయిల్ అంచు దగ్గరే ఉంది. అట్ట మీద ఇప్పుడు కనిపిస్తున్నది బెల్ హౌసింగ్ కింద రెండు మూడు రోజులకు ఒకసారి పడే నల్లని చిన్న చుక్క ఒక్కటే, అది రాకర్ కవర్ నుంచి దిగుతున్న ఇంజిన్ ఆయిల్. దాని గ్యాస్కెట్ తెప్పించాను, వచ్చే వారం వేయిస్తున్నాను.